చావని చేపలు

మా ఇంట్లోకి అక్వేరియం వచ్చింది చేపల మీద ఇష్టంతో కాదు, వాస్తు కోసం.

నరసన్నపేట బజారులో మాకు బట్టల కొట్టు ఉండేది. కింద కొట్టు, పైన ఇల్లు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ కొట్టుకి మంచి పేరు. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి కుదిరిందంటే చీరలకు మా మెట్లెక్కాల్సిందే. హైవే పక్కన అద్దాల షోరూములు లేచాక ఆ రోజులు పోయాయి. మా ఆయన కౌంటరు వెనక కూర్చుని, రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ ఉండేవారు. అలాంటి రోజుల్లోనే ఎవరో చెబితే శ్రీకాకుళం నుంచి ఒక వాస్తు ఆయన్ని పిలిపించారు.

ఆయన కొట్టంతా చూసి, పైకి వచ్చి ఇల్లంతా చూసి, జేబులోంచి దిక్సూచి తీసి హాల్లో నేల మీద పెట్టాడు. ఈశాన్యం మూల మా అత్తగారి కుట్టుమిషను ఉంది. ఆవిడ ఆ మిషను మీద ముప్ఫై ఏళ్లకు పైగా కొట్టుకి వచ్చిన ఆడవాళ్లకు జాకెట్లు కుట్టారు.

“ఈ మూల జలం ఉండాలి బాబూ. మీరు ఇనుము ఎట్టుకున్నారు. ఇంకెలగ కలిసొస్తాది?” అన్నాడు.

మర్నాడే మిషను మెట్ల కిందికి పోయింది. మా అత్తగారు ఒక్క మాట అనలేదు. దాని చోటులో పెద్ద అద్దాల తొట్టె వచ్చింది. అడుగున నీలం రంగు గులకరాళ్లు, నోరు తెరిచి బుడగలు వదిలే ప్లాస్టిక్ మొసలి, వెనక సముద్రం బొమ్మ, లోపల కిక్కిరిసిన గోల్డ్‌ఫిష్‌లు, వాటి మధ్య ఒక్క నల్ల చేప.

“నువ్వు సదివింది సేపల సదువే కదేటి, నువ్వే సూసుకో” అన్నారు మా ఆయన.

నేను చదివింది జువాలజీ ఎమ్మెస్సీ. పెళ్లికి ముందు విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పెళ్లిచూపులప్పుడు “చదువుకున్న పిల్లే కావాలి” అన్నారు. పెళ్లయ్యాక “మనింటి కోడళ్లు బైటికెళ్లి పని చేయరు” అన్నారు. రెండూ అన్నది ఒకే మనిషి, మా మామగారు. ఆయన పోయాక కూడా ఆ రెండో మాట ఇంట్లో అలాగే నిలిచి ఉంది. నా చదువుకి ఆ ఇంట్లో దొరికిన మొదటి ఉద్యోగం ఆ తొట్టె కడగడం.

చేపలు వరసగా చచ్చిపోవడం మొదలుపెట్టాయి. కొత్త తొట్టెలో అన్ని చేపలు వేస్తే వాటి మలమే వాటికి విషమవుతుందని, కొన్నాళ్లు నీళ్లను నిలవనివ్వాలని, బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువని మా ఆయనకు చెప్పాను. ఆయన వాస్తు ఆయనకు ఫోను చేశారు. స్పీకరులో నాకూ వినపడింది.

“చచ్చిందా? మంచిదే బాబూ. మీ ఇంటి మీదున్న దిష్టి అది పట్టుకుపోయింది. ఇంకోటి వెయ్యండి.”

అప్పటినుంచి మా ఇంట్లో చేప చచ్చిన రోజు మంచిరోజు అయిపోయింది. తెల్లారి వెల్లకిలా తేలిన చేపను చూసి మా ఆయన మొహం తేటపడేది. ఏదో గండం గడిచినట్టు స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, కిందికి దిగేవారు. నేను ఆ చేపను కాగితంలో చుట్టి మేడ మీద కరివేపాకు కుండీలో పాతేదాన్ని. ఆదివారం మళ్లీ పాలిథిన్ సంచిలో కొత్త చేపలు వచ్చేవి. కుండీలో కరివేపాకు మాత్రం ఏపుగా పెరిగింది.

ఒక ఎండాకాలం కరెంటు కోతల్లో మిగిలినవన్నీ ఒకేసారి పోయాయి. అప్పటికి మా ఆయనకు విసుగొచ్చేసింది. “తొట్టి కాళీగా ఉంచకూడదంట. ఏదో ఒకటి నువ్వే ఎట్టు” అని వదిలేశారు.

ఆ మాట నాకు ఎంత పెద్ద సెలవో ఆయనకు తెలియదు.

మా పుట్టింటివాళ్లది రామతీర్థం దగ్గర పల్లె. కొండ వెనక చెట్ల కింద వానలు వెలిసాక ఒక మడుగు నిలిచేది. రాలిన ఆకులు నాని నాని ఆ నీరు పాలు పోయని టీ రంగులో ఉండేది. దోసిట్లోకి తీసుకుంటే అద్దంలా తేట. అడుగున ఆకుల మీద నుంచి చిన్న చిన్న చేపలు పోతుంటే వాటి నీడలు కూడా కనిపించేవి. నెత్తి మీద వెండి చుక్క ఉన్న చేపలను మేము చుక్కచేపలు అనేవాళ్లం. అది మురికి నీరు కాదు, ఆకు సారం దిగిన నీరు. ఆ సారం నీళ్లలో పుల్లదనం పెంచుతుంది, చేపల ఒంటికి తెగుళ్లు అంత తేలిగ్గా పట్టనివ్వదు. చదువుకున్నప్పుడు ఆ సంగతి పుస్తకంలో కనిపించి, ఇది మా మడుగే కదా అనుకున్నాను. ఆ మడుగును హాల్లోకి తేవాలనుకున్నాను.

నీలం గులకరాళ్లు, మొసలి, సముద్రం బొమ్మ తీసి అటక మీద పారేశాను. ఏటి ఇసక తెప్పించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి అడుగున పరిచాను. నీళ్లకు బోరు వాడలేదు. మేడ మీద డ్రమ్ములు పెట్టి తొలకరి వాన పట్టాను. శ్రీకాకుళం పెళ్లికి వెళ్లి వస్తుంటే నాగావళి ఇసకలో వరదకు కొట్టుకొచ్చిన చెట్టు వేరొకటి కనిపించింది. ఆటో ఆపించి దిగి తెచ్చుకున్నాను. పట్టుచీర కట్టుకుని వేరు మోసుకొస్తున్న నన్ను చూసి ఆటో అబ్బాయి ఏమనుకున్నాడో, ఇంటిదాకా మాట్లాడలేదు. సముద్రం వైపు చుట్టాలింటికి పోయినప్పుడు సరుగుడు తోటలో రాలిన కాయలు ఏరి కొంగున కట్టుకొచ్చాను. మా వీధి చివర నాటు బాదం చెట్టు కింద ఎండి ఎర్రబడిన ఆకులు సంచీ నిండా తెచ్చాను. ఆకులు పచ్చివి పనికిరావు, చెట్టే వదిలేసిన ఎండుటాకులు కావాలి.

వాటిని పాత గిన్నెలో వేసి పొయ్యి మీద మరిగిస్తుంటే మా అత్తగారు వంటింట్లోకి వచ్చారు.

“కసాయం ఎవులికే? ఎవులికి బాగోనేదు?”

“చేపలకి అత్తా.”

“ఓలమ్మో! సేపలు ఇంకా రానేదు కదే. రాకముందే రోగమా?”

ఆవిడ నవ్వారు. మిషను మెట్ల కిందికి పోయాక ఆవిడ నవ్వడం చూసింది అప్పుడే.

వేరును చాలారోజులు నీళ్లలో నానబెట్టాను. తేలడం మానేసి మునిగాక తొట్టెలో పెట్టి, దాని సందుల్లో ఫెర్న్ మొక్క దారంతో కట్టాను. మా ఊరి కాలవ నుంచి నాచు, ఒక కలువ దుంప తెచ్చాను. నీళ్ల మీద తేలే అంతరతామర మొక్కలు వేశాను. లైటు మసకగా పెట్టాను. కషాయంతో సహా పోసిన ఆకులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నీరు మొదట నిమ్మరంగు, తరవాత తేనెరంగు, ఆ తరవాత టీ రంగు తిరిగింది.

మొదటి వారాల్లో వేరు మీద తెల్లటి జిగురు పట్టింది.

“బూజు పట్టీసింది. కంపుకొడతాది” అన్నారు మా ఆయన.

“అదే పోతుంది. దాన్ని తినేవి వస్తాయి.”

అలాగే పోయింది. నత్తలు వచ్చాయి, కంటికి ఆనీ ఆనని పురుగులు వచ్చాయి. నెల దాటేదాకా నేను ఒక్క చేపనూ వేయలేదు. చేపల్లేని తొట్టెను రోజూ కూర్చుని చూస్తున్నానని ఇంటికొచ్చినవాళ్లు నవ్వుకున్నారు. తరవాత శ్రీకాకుళంలో ఒక కొట్టు నుంచి హనీ గౌరామీలు కొన్ని తెచ్చాను. చిన్న చేపలు, తేనెరంగులో ఉంటాయి. పుట్టింటి నుంచి చుక్కచేపలు తెచ్చాను. వెయ్యగానే అవి ఆకుల కిందికి పోయి దాక్కున్నాయి. సాయంత్రానికి ఒక్కొక్కటే బయటికి వచ్చి, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు తిరిగాయి.

ఒక్కటీ చావలేదు.

మా అత్తగారు మొదట్లో దాన్ని “సైడుకాలవ” అనేవారు. మోకాళ్ల నొప్పులు, మధ్యాహ్నం నిద్రపట్టదు. పాత అలవాటు మీద ఆ మూలకే కుర్చీ లాక్కుని కూర్చునేవారు. మిషను లేదు, చూడటానికి తొట్టే ఉంది. కొన్నాళ్లకు నాకంటే ముందు కబుర్లు ఆవిడే చెప్పడం మొదలుపెట్టారు. మగ గౌరామీ ఒకటి అంతరతామర వేళ్ల కింద నురగతో గూడు కట్టింది. గుడ్ల నుంచి పిల్లలు దిగి కింద పడుతుంటే నోటితో అందుకుని మళ్లీ గూట్లోకి ఊదేది.

“ఒలే, రాయే, బేగి రా! సూడే, పిల్లల్ని నోట్లో ఎట్టుకొచ్చి గూట్లో ఎడతన్నాడు. ఆడది కాదే, మొగోడు! నా జన్మలో ఇలాటి మొగోణ్ణి సూడనేదు.”

ఇద్దరం నవ్వుకున్నాం. పిల్లల్లో చాలావాటిని చుక్కచేపలు తినేశాయి. ఆకుల కింద దాగినవి కొన్ని బతికాయి. ఆవిడకు వాటి లెక్క తెలిసేది. “నీ మడుగులో కొత్తోడొకడు బైటికొచ్చినాడే” అని చెప్పేవారు. అది మడుగు అని నేను ఎప్పుడన్నానో నాకు గుర్తులేదు.

ఆ ఏడాది పెళ్లిళ్ల సీజనులో కొట్టు కాస్త నడిచింది. ఇంటికొచ్చినవాళ్లకు మా ఆయన “మా లక్కు” అని తొట్టె చూపించేవారు. నేను పక్కనే ఉండి టీ ఇచ్చేదాన్ని. మా ఎదురుగానే ఇంకో పెద్ద షోరూము తెరిచాక పండగ బేరాలన్నీ అటే పోయాయి. మా ఆయన మళ్లీ వాస్తు ఆయన్ని పిలిచారు.

ఆయన హాల్లోకి వచ్చి తొట్టె ముందు ఆగాడు.

“ఇదేటి? ఈశాన్యంలో ఈ నల్లనీళ్లేటి?”

“ఆకుల రంగండి. మురికి కాదు” అన్నాను.

నా వైపు చూడలేదు. మా ఆయన్ని అడిగాడు: “చివరిసారి చేప ఎప్పుడు పోయింది?”

మా ఆయన నన్ను చూశారు.

“ఏవీ పోలేదండి. పిల్లలు కూడా పెట్టాయి” అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో కాస్త గర్వం కూడా ఉండి ఉంటుంది.

“అదీ సంగతి! చేప చావటం లేదంటే అర్థమేటి బాబూ? దిష్టి ఎటూ పోవటం లేదు. అంతా ఈ నీళ్లలోనే ఊరిపోతంది. నీరెందుకు నల్లబడింది మరి?”

మా ఆయన మొహంలో వెలుగు వచ్చింది. ఇన్నాళ్ల నుంచి వెతుకుతున్నది దొరికినవాడి వెలుగు. ఎదురుగా షోరూము, హైవే, మారిన జనం, ఏవీ కాదు. కారణం మా హాల్లోనే ఉంది. నేను దాన్ని పెంచాను.

ఆయన వెళ్లాక అడిగాను. “చేప బతికి ఉండటం కూడా తప్పేనా?”

“నీ సదువు నా దగ్గిర సూపించకు” అన్నారు. అంతలోనే మెత్తబడ్డారు. “నాను నీ సేపల్ని సంపీమంటన్నానేటి? ఇంకెక్కడన్నా ఎట్టుకో. తొందరేం నేదు.”

ఆ ‘తొందరేం లేదు’ అన్న మాట నేను నమ్మాను.

ఆ నెలలోనే విజయనగరంలో మా అక్కకు ఆపరేషను అయింది. సాయానికి వెళ్లాను. మంచం మీద పడుకున్న అక్కకు చేపల సంగతి చెబితే, “మా వెనక వసారాలో నీడుంటుంది, ఇక్కడికి తెచ్చేయ్” అంది. చిన్న టెంపో మాట్లాడితే నీళ్లతో సహా డ్రమ్ముల్లో తేవచ్చని లెక్కలు వేసుకున్నాం. రోజూ అత్తగారికి ఫోను చేసేదాన్ని. “బాగున్నాయే. నువ్వు సెప్పినంతే గింజలేస్తన్నాను” అనేవారు. తిరిగి వచ్చే ముందు రోజు ఆవిడ ఫోను ఎత్తలేదు. పడుకున్నారనుకున్నాను.

బస్సు దిగి ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటేనే హాల్లోంచి తెల్లటి వెలుతురు కనిపించింది. మా తొట్టెలో ఎప్పుడూ అంత వెలుతురు లేదు.

నీలం గులకరాళ్లు. సముద్రం బొమ్మ. మొసలి నోరు తెరిచి బుడగలు వదులుతోంది. గాజులా తెల్లగా మెరిసే నీళ్లలో గోల్డ్‌ఫిష్‌లు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతున్నాయి. హాలంతా బ్లీచింగు వాసన.

మా ఆయన నవ్వుతూ ఎదురొచ్చారు.

“ఎలగుంది? నువ్వొచ్చీసరికి చెయ్యాలని మనుషుల్ని ఎట్టి కడిగించినాను. నీకు పని తప్పిందా నేదా?”

“నా చేపలేవి?”

“ఆ సేపలా? మళ్లీ కొన్నాం కదా, ఇంకా పెద్దయి.”

“నా చేపలేవండీ?”

“నీళ్లతోటే పోయేయి. కాలవలోకి వదిలీసినారు కడిగినోళ్లు. నీళ్లలోకే కదా, బతికే ఉంటాయి.”

కాలవంటే మా కొట్టు ముందు సిమెంటు సైడుకాలవ. హోటళ్ల నూనె, సబ్బు నురగ, బజారులో ప్రతివాడూ వదిలేదీ అందులోనే పోతాయి. కిందికి దిగి చూశాను. కాలవ పక్కన నా వేరు పడి ఉంది, ఫెర్న్ ఇంకా దానికే కట్టి ఉంది. బాదం ఆకులు గట్టు మీద తడితడిగా అంటుకుని ఉన్నాయి. నీళ్లలో ఏమీ కనిపించలేదు. కొట్టులో గుమాస్తా తల బైటికి పెట్టి, “ఏటి పోయిందమ్మా?” అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

పైకి వచ్చి వంటింట్లోకి వెళ్లాను. అత్తగారు పీట మీద కూర్చుని ఉన్నారు. నా మొహంలోకి చూడలేదు.

“నువ్వయినా చెప్పలేకపోయావా అత్తా?”

కొంగు మోకాళ్ల మీదికి లాక్కున్నారు. తరవాత అన్నారు: “నా మిసను తీసినప్పుడే నాను మాటాడనేదు. నీ సేపలకి మాటాడతానేటే?”

నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తెలియక అక్కడే నిలబడిపోయాను. ఆవిడ గోడ పట్టుకుని లేచి, మూల నుంచి స్టీలు బిందె ఒకటి ముందుకు జరిపారు. మీద గట్టిగా మూత. మూత మీద సన్నికల్లు.

“ఆళ్లు నీళ్లు తోడతంటే సెంబుతోటి కొన్నిట్ని ఒడిసి పట్టినాను. గూడు కట్టినోడు కూడా ఉన్నాడు. మీ ఆయనకి సెప్పనేదు. పిల్లి మింగీగలదని మూతెట్టీసినాను. నిన్నట్నించీ సూడనేదు, మోకాళ్లు వంగటం నేదు. నువ్వే సూడే.”

సన్నికల్లు దింపి మూత తీశాను. బిందె నిండా, అంచుదాకా నీళ్లు. టీ రంగు నీళ్లే పోశారు పాపం, తొట్టెలోవే. అన్నీ పైకి తేలి ఉన్నాయి. గౌరామీలు చేపలే అయినా పైకి వచ్చి గాలి పీలుస్తాయి. నీటికీ మూతకీ మధ్య ఇంత జాగా ఉంటే చాలు వాటికి. అంత జాగా లేదు.

“బతికున్నాయేటే?” అని అడిగారు వెనక నుంచి.

“తొట్టె కడిగిన మందు తగిలి ఉంటుంది అత్తా. అందుకే పోయాయి” అన్నాను.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మూత సంగతి నేను ఎప్పటికీ చెప్పలేదు. వాటిని కరివేపాకు కుండీలో పాతలేదు. అక్కకు ఫోను చేసి, టెంపో వద్దని చెప్పాను.

తరవాత జరిగిందంతా నేను ముందే చెప్పగలిగేదాన్ని. గోల్డ్‌ఫిష్‌లు వరసగా చచ్చిపోయాయి, మా ఆయన మొహం మళ్లీ తేటపడింది. దిష్టి బోలెడు పోయింది, బేరం మాత్రం రాలేదు. కొట్టు సగానికి గోడ కట్టి మొబైల్ ఫోన్ల వాళ్లకు అద్దెకిచ్చారు. ఖాళీ తొట్టె కూడా వాళ్లే అడిగి తీసుకుపోయారు. అందులో ఫోను కవర్లు వేలాడదీసి లైటు పెట్టారు. వాస్తు ఆయన ఫోను ఎత్తడం మానేశాడు.

ఇల్లు గడవడం కష్టమయ్యాక ఒకరోజు నేనే ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లి అడిగాను. జువాలజీ చెప్పడానికి మనిషి కావాలన్నారు. మనింటి కోడళ్ల మాట ఈసారి ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మా ఆయన కొట్టుకొచ్చినవాళ్లకు “మా ఆవిడ లెచ్చరరు” అని చెప్పుకుంటారు. నా మీద ఆయనకు ఏ కోపమూ లేదు. నిజానికి ఎప్పుడూ లేదు.

మొన్న ఆదివారం ఆయన స్నేహితుడొకాయన భార్యతో మా ఇంటికి వచ్చారు. వాళ్లింట్లో కొత్తగా అక్వేరియం పెట్టారట. ఆ మాట రాగానే మా ఆయన హుషారుగా ముందుకు జరిగారు.

“ఏటి సేపలండీ అయి! మా ఆవిడ పెంచీది, సూడాల్సిందే. ఆకులేసి, వేళ్లేసి, అచ్చం అడివిలాగ సేసీసింది. నీళ్లు టీ లాగుండీయి. పిల్లలు కూడా ఎట్టేయి. మీ ఇంట్లో కూడా అలగ సెయ్యండి, కావాలంటే మా ఆవిడ్ని అడగండి.”

“అవునా! అవి ఏవండీ, ఇప్పుడు?” అని అడిగింది ఆవిడ, చుట్టూ చూస్తూ.

“అయి ఏటో, సచ్చిపోయేయి” అన్నారు మా ఆయన.

మంచం మీద కూర్చున్న మా అత్తగారు తలెత్తి నా వైపు చూశారు. నేను ఖాళీ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాను.